నా తమ్ముని రంపం మిషన్, నేను కట్టిన దారం

నా తమ్ముడు రాసిన కాగితం ఒకటి నా దగ్గర ఉంది. తమ్ముడు లేడు, కాగితం ఉంది. అందులో ఏడు మాటలున్నాయి. ఇంట్లో పెట్టుకున్న చిన్న రంపం మిషన్ దగ్గర మనిషి ఎలా మసలుకోవాలో చెప్పే మాటలు. నాలుగో మాట ఇది: "చేతికి దారం, గడియారం, కంకణం ఏదీ ఉండరాదు." ఆ కాగితం గోడకు అంటించి ఉండగా, దాని కిందనే నిలబడి, తమ్ముని కుడిచేతికి నేను దారం కట్టాను. నాకు అప్పుడు చదువు రాదు. ఒక్క అక్షరం కూడా రాదు.

చదువు రాకపోతే నీ తప్పేముంది అని అందరూ అంటారు. అంటే అననీ. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరి ఇంట్లోనైనా అలాంటి మిషన్ ఉంటే ఆ ఏడు మాటలూ పనికొస్తాయి.

మాది ఎల్లారెడ్డి. నన్ను ఇచ్చిందీ ఆ ఊళ్ళోనే, నేను బీడీలు చుట్టిందీ ఆ ఊళ్ళోనే. తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. అమ్మ నాట్లకు పోతే వాడిని చంకన వేసుకొని తిప్పింది నేను. వాడికి బడి ఈడు వస్తే బడికి పంపారు. నాకు బడి ఈడు వచ్చినప్పుడు వాడు పుట్టాడు, నేను ఇంట్లో ఉండిపోయాను. దాని గురించి నాకు కోపం లేదు. వాడు పలక మీద రాస్తుంటే పక్కన కూర్చొని చూసేదాన్ని. గీతలు గీసి గింజలు పేర్చినట్టు ఉండేది వాడి రాత, అప్పటినుంచే.

డెబ్బైల్లో వాడు పది పాసై కామారెడ్డి చేరాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల పందిరి కింద కూర్చొని దస్తావేజులు రాసేవాడు. ఇండ్లు, జాగలు, పొలాలు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ వాడి దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ పందిరి కింద ఇంకా నలుగురు రాతగాళ్ళు ఉన్నా, "ఆయన రాత ఉంటే కాగితం తిరిగి రాదు" అని వాడికోసం ఎదురుచూసేవాళ్ళు. కొట్టివేత ఉండేది కాదు, దిద్దుడు ఉండేది కాదు. వాడి ఇల్లు నడిచింది ఆ చేతి మీదే. ఆ చెయ్యి పోతే వాడి దగ్గర ఇంకేమీ లేదు. ఈ సంగతి నాకు తెలుసు. బాగా తెలుసు.

పొద్దంతా కలం పట్టీ పట్టీ వేళ్ళు బిగుసుకుపోతాయని వాడికి ఒక బాధ. చెక్కపని చేస్తే వేళ్ళు విచ్చుకుంటాయని ఎవరు చెప్పారో ఏమో, ఆదివారాలు చెక్కల మీద పడ్డాడు. ఇంటి వెనక జాగలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. మొదట చేతిరంపం, చిత్రిక. తర్వాత పిండి గిర్నీ నుంచి తీసేసిన పాత మోటరు ఒకటి దొరికింది. టేకు బల్ల మీద ఇనుప పలక పరిచి, మధ్యలో చీలిక పెట్టి, ఆ చీలికలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చేలా అమర్చాడు. కింద మోటరు, మోటరుకు బెల్టు. బ్లేడు ఉన్నచోటే తిరుగుతుంది, చెక్కను మనం దాని మీదికి తోయాలి. చేతిరంపంతో పూట పట్టే కోత దీని మీద రెండు నిమిషాల పని.

ఇదంతా అమర్చిపెట్టింది వెనక గల్లీలో ఉండే ముసలి ఉస్తాద్. తురకాయన, పుట్టుకతోనే వడ్రంగి. ఆయనకు రాయడం రాదు, మా తమ్మునికి కోయడం రాదు. అందుకని ఒక ఆదివారం ఆయన చెప్తుంటే వీడు రాశాడు. నేను ఆ రోజు కామారెడ్డిలోనే ఉన్నాను. షెడ్డు గడప దగ్గర కూర్చొని చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతున్నాను.

"రాసుకో మున్షీ," అన్నాడు ఉస్తాద్. "ముందుగాల బ్లేడు ఎంత లేవాలె?"

"నువ్వే చెప్పాలె ఉస్తాద్."

"చెక్క మందం మీద గోరంత. గంతే. ఎక్కువ లేపితె నీకు కోత మంచిగ కనవడ్తది, దానికి నీ చెయ్యి మంచిగ కనవడ్తది."

మరదలు చాయ్ తెచ్చింది. ఉస్తాద్ రెండు చేతులూ ముందుకు చాచాడు. "సూడు బేటీ. నలభై ఏండ్ల సంది కోస్తున్న. పది ఉన్నయా లేవా లెక్క పెట్టు."

"తొమ్మిదే కనవడ్తున్నయి గద బాబా," అంది మరదలు.

"పదోది కప్పు చెవిల ఇరికింది. గింత చిన్న కప్పుల పోస్తివి."

అందరం నవ్వాం. ఉస్తాద్ నవ్వుతూనే రెండో మాట చెప్పాడు. బల్ల మీద బ్లేడుకు సమంగా బిగించిన ఇనుప పట్టీ ఉంటుంది, చెక్కను దానికి ఆనించి తోయాలి, వట్టి చేతుల అందాజతో కోయకూడదు. మూడో మాట: బ్లేడుకు ఎదురుగా నిలబడకూడదు, పక్కకు నిలబడాలి. చెక్క ఎగదన్నితే గుర్రం తన్నినట్టే ఉంటుంది.

"మరి నాలుగోది?" అన్నాడు తమ్ముడు.

అప్పటికి నా బస్సు వేళయింది. చాట మరదలికి ఇచ్చి లేచాను. ఉస్తాద్ నాలుగో మాట చెప్తున్నప్పుడు నేను బస్టాండు దారిలో ఉన్నాను.

మిషన్ పెట్టాక తమ్ముని మొహం మారింది. పీటలు, మేజాలు, ఇంటింటికీ గూళ్ళు. ఉస్తాద్ మనవరాలికి ఖురాను పెట్టుకునే మడత పీట చేసిచ్చాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. నేను పోయినప్పుడల్లా చేతులు చాచి చూపించేవాడు. "సూడవే అక్కా, ఎట్ల తిరుగుతున్నయో వేళ్ళు," అని పదీ ఆడించేవాడు, చిన్నప్పుడు ఆడించినట్టే.

ఒకసారి పోతే మనిషి వంగి నడుస్తున్నాడు. అంగీ ఎత్తి చూస్తే నడుము పక్కన జొన్నరొట్టె అంత నల్లటి దెబ్బ. బ్లేడు వెనకాల సన్నటి ఉక్కు రేకు ఒకటి నిలబెట్టి ఉంటుంది. కోసిన చెక్క మళ్ళీ దగ్గరికి ముడుచుకొని బ్లేడును పట్టకుండా అది ఆపుతుంది. ఏదో లోతు తక్కువ కోత కోసం దాన్ని తీశాడట. మళ్ళీ పెట్టలేదు. తర్వాతి పలక బ్లేడును పట్టింది, ఎగదన్నింది.

"పక్కకు నిలవడ్డ గాబట్టి నడుముకు తాకింది. ఎదురుంగ ఉంటె కడుపుల దిగుతుండె," అన్నాడు. ఏదో గెలిచినట్టు చెప్పాడు.

"ఆ మిషన్ తీసి పారెయ్ రా."

"బస్సులు గుద్దుకుంటలేవా? నువ్వు బస్సెక్కుడు బంద్ జేసినవా?"

వాడితో మాట గెలవలేను. ఎల్లారెడ్డి వచ్చాను, వారం రోజులు అన్నం సయించలేదు. ఆ వారం చివరనే పీర్ల పండుగ వచ్చింది. మా వాడలో పీర్లు లేస్తాయి, హిందువులం తురకలం అందరం పోతాం. నేను పీరు ముందు నిలబడి, నా తమ్ముని చేతులు చల్లగా ఉండాలి, రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పంచిపెడతాను అని మొక్కుకున్నాను. పీరు ఎత్తిన ముజావర్ ఎర్రదీ పచ్చదీ పేనిన లావుపాటి దారం ఒకటి నా చేతిలో పెట్టాడు. మర్నాడే బస్సెక్కాను.

తమ్ముడు షెడ్డులోనే ఉన్నాడు. మిషన్ ఆపి ఉంది.

"చెయ్యి పట్టు," అన్నాను.

"ఏందే అక్కా?"

"పీరు దారం. నలభై దినాలు విప్పొద్దు. పట్టు."

"ఎడమ చేతికి కట్టు."

"ఎడమ చేతికి ఎవడన్న కడతడారా? రాసే చెయ్యి ఇయ్యి."

వాడు గోడ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. కుడిచెయ్యి చాచాడు. మూడు చుట్లు తిప్పి ముడి వేశాను. నాలుగు వేళ్ళంత కొస మిగిలింది.

"కొస కత్తిరిస్త," అన్నాడు.

"ముట్టకు! పీరు దారానికి ఇనుము తగల్తదా? దానంతట అది ఊడాలె."

మా ఇంట్లో అట్లా అనేవాళ్ళు. పీరు దారాన్ని కత్తెరతో కోయకూడదని, కోస్తే మొక్కు తెగుతుందని. ఎవరు పెట్టారో నాకు తెలియదు. అమ్మ అనేది, నేనూ అన్నాను.

వాడు కొసను చుట్ల కిందికి దోపుకున్నాడు. నేను గోడ మీది కాగితం చూపించి, "ఉస్తాద్ చెప్పినయేనా ఇవి? సదువు, నేను కూడ ఇంట," అన్నాను. వాడు వేలు పెట్టి చదివాడు. ఒకటో మాట చదివాడు, రెండోది చదివాడు, మూడోది చదివాడు. వేలు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత అయిదోది చదివాడు: చెయ్యి బ్లేడుకు జానెడు కంటే దగ్గరికి పోకూడదు, చివర వచ్చేసరికి తోపుడు కట్టెతో తోయాలి. ఆరోది: కరెంటు పోతే ముందు స్విచ్ ఆపాలి, లేకపోతే వచ్చినప్పుడు బ్లేడు తనంతట తాను తిరుగుతుంది. ఏడోది: స్విచ్ ఆపాక కూడా బ్లేడు పూర్తిగా నిలిచేదాకా దాని పక్కన ఉన్న ముక్కను తీయకూడదు.

"ఆరేనా?" అన్నాను. వరుసలు లెక్కపెట్టడం వచ్చు కదా, కాగితం మీద ఏడు కనబడుతున్నాయి.

"పైది కాగితం పేరే," అన్నాడు.

నమ్మాను. మరదలు ఉల్లిగడ్డ కారం వేసి రొట్టెలు పెట్టింది, తిని బస్సెక్కాను. ఆ రాత్రి వారం తర్వాత కంటినిండా నిద్రపోయాను.

పన్నెండో రోజు. బీడీలు ఇవ్వడానికి కార్ఖానాలో వరుసలో నిలబడి ఉన్నాను. కామారెడ్డి నుంచి వచ్చిన బస్సు కండక్టరు మా ఇంటికి పోయి, అక్కడినుంచి కార్ఖానాకు వచ్చాడు. "అమ్మా, నీ తమ్మునికి మిషన్ల చెయ్యి పడ్డదట. నిజామాబాద్ దవాఖానకు కొంటవోయిండ్రు," అన్నాడు. ఏ చెయ్యి అని అడిగాను. ఆయనకు తెలియదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి, కామారెడ్డి నుంచి నిజామాబాద్, ఆ దారి పొడుగునా ఎడమది కావాలి, ఎడమది కావాలి అనుకుంటూ పోయాను. అలాంటి మొక్కు కూడా మనుషులు మొక్కుతారు.

కుడిదే. చూపుడువేలు, మధ్యవేలు మొదలంటా లేవు. బొటనవేలు ఉంది గానీ నరం తెగిందట, ఇక వంగదట.

"చెక్కల ముడి ఉండె అక్కా," అన్నాడు. "నేను చూసుకోలే. ఎగదన్నింది."

మణికట్టు మీద దారం లేదు. కట్టు కట్టడానికి డాక్టర్లు కోసి తీసేశారని మరదలు చెప్పింది. నేను ఏమన్నానో వినండి. "ఆ దారం ఉండె గాబట్టి పానం దక్కింది రా," అన్నాను. మరదలు మొహం గోడకు తిప్పుకుంది. తమ్ముడు నా మొహం వైపే చూస్తూ, "ఔ అక్కా," అన్నాడు.

ఆ మాట నేను ఏళ్ళ తరబడి చెప్పుకున్నాను. కార్ఖానాలో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పాను. పీరు చెయ్యి అడ్డం పెట్టాడు, లేకపోతే మనిషే పోతుండె అని. మరుసటి ఏడు మలీద పంచాను. ఇంకో దారం తెచ్చి కామారెడ్డి పోయాను. వాడు ఎడమచెయ్యి చాచాడు. దానికి కట్టాను. రాయగా రాయగా నా చెయ్యి ఇక్కడ ఆగిపోతుంది, అయినా రాస్తున్నాను. వాడు చాచాడు, నేను కట్టాను.

ఆ రోజు ఉస్తాద్ వచ్చాడు. ఎడమచేతి దారం చూశాడు. చాయ్ కప్పు కింద పెట్టాడు. తర్వాత, "చెల్లె, పీరుకు దండం పెడితె సాలు. చేతికి కట్టకున్నా పీరు ఏమనడు," అన్నాడు.

"మీ పీరును మీరే నమ్మరా భాయ్?" అని గట్టిగానే అన్నాను.

ఆయన చాయ్ సగం వదిలేసి పోయాడు. ఎగతాళికి ఒక్క మాటైనా అనకుండా పోవడం ఆయనకు అలవాటు లేదు. నాకు అది కూడా తట్టలేదు.

తమ్ముడు మళ్ళీ పందిరి కిందికి పోయాడు. కలం పట్టలేడు గానీ దస్తావేజు మాటలన్నీ నోటికి వచ్చు. తూర్పున ఫలానావాళ్ళ గోడ, పడమట బాట, ఉత్తరాన ఫలానావాళ్ళ జాగ అని వాడు చెప్తుంటే పక్క రాతగాడు రాసేవాడు. సాయంత్రానికి ఇంటికి వచ్చి కుడిచెయ్యి తువ్వాలలో చుట్టుకొని కూర్చునేవాడు. షెడ్డుకు తాళం పడింది.

ఆదివారాలు నేను పోతూనే ఉన్నాను. ఒకరోజు వాడు పలక ముందు పెట్టుకొని ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. చూడలేక, "నాక్కూడ నేర్పియ్ రా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. వాడి పక్కన ఇంకొకరు కూడా తప్పులు రాస్తే వాడికి సిగ్గు తగ్గుతుందని అనుకున్నానేమో. నాకప్పుడు నలభై దాటాయి.

"నీ తలకాయ గట్టిదే అక్కా, ఎక్కది," అన్నాడు.

"నీ ఎడమ చెయ్యి కంటె గట్టిదా?"

చాలా రోజులకు నవ్వాడు. ఇద్దరం రెండు పలకలు పెట్టుకొని కూర్చున్నాం. ఇద్దరివీ ఒకే తీరు వంకర. మరదలు వచ్చి చూసి, "ఎవరిది ఎవరిదో తెలుస్తలేదు, ఇద్దరినీ బడికి తోలియ్యాలె," అనేది. రెండేళ్ళు పట్టింది నాకు. ఆదివారాలే కదా. నేను కొంచెం కొంచెం ముందుకు పోయాను. వాడి ఎడమచెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఒకరోజు వాడు తన పలక తుడిచి నా ముందు పెట్టాడు. "ఇగ నువ్వు రెండింటి మీద రాసుకో," అన్నాడు. అప్పటినుంచి వాడు రాయలేదు, నాకు చెప్పడమే.

చదవడం వచ్చిన కొత్తలో నేను దేన్నీ వదల్లేదు. బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు, ఉప్పు పొట్లాలు, అన్నీ కూడబలుక్కొని పైకి చదివేదాన్ని. ఒక వానాకాలం షెడ్డు కురుస్తోందని మరదలు తాళం తీసి, లోపలి చెక్కముక్కలు పొయ్యిలోకి తెమ్మంది. తమ్ముడు ఆఫీసు దగ్గర ఉన్నాడు. మిషన్ మీద పాత గోనెసంచి కప్పి ఉంది. గోడ మీద కాగితం అట్లాగే ఉంది. వాడి పాత రాత. ఎంత బాగుందో అప్పుడు మొదటిసారి తెలిసింది నాకు, చదవడం వచ్చింది కాబట్టి. అంతకుముందు అందమే చూశాను, మాటలు చూడలేదు.

ఒకటోది చదివాను. రెండు, మూడు. నాలుగోది కూడబలుక్కున్నాను. దారం అన్న మాట దగ్గర ఆగాను. తప్పు చదివానేమో అని మొదటినుంచి మళ్ళీ చదివాను. పైన పేరు ఏమీ లేదు. మాటలు ఏడు.

చెక్కముక్కలు అక్కడే పడేసి వంటింట్లోకి పోయాను. మరదలు బియ్యం కడుగుతోంది.

"నాలుగో మాట వాడు నాకు ఎందుకు సదవలే?" అన్నాను.

ఆమె చెయ్యి నీళ్ళలో ఆగింది. "సదివితె దారం విప్పుతుంటివా వదినె? నిజం చెప్పు," అంది.

నిజమే చెప్పాను. "విప్పకపోతుంటి."

అప్పుడు ఆమె అంతా చెప్పింది. ఆ పన్నెండు రోజులూ వాడు మిషన్ పెట్టేముందు దారం మీద దస్తీ బిగించి కట్టుకునేవాడట. అది కూడా తప్పే అని, దారం ఒక తప్పయితే దాని మీద బట్ట రెండో తప్పని ఉస్తాద్ తర్వాత అన్నాడట. ఆ రోజు దస్తీ ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. మరదలికే పాలు, పెరుగు పెట్టుకోవడానికి జాలీ అలమార చేస్తున్నాడు. సన్నటి పట్టీలు కోస్తున్నాడు. సన్నటి పట్టీలకు అడ్డమొస్తుందని చెయ్యి తగలకుండా బ్లేడు మీద ఉండే మూత తీసి పక్కన పెట్టాడు. కోత అయింది, స్విచ్ ఆపాడు. బ్లేడు ఇంకా తిరుగుతోంది. పక్కన పడ్డ ముక్కను తీయబోయాడు. చుట్ల కింద దోపిన కొస జారి వేలాడింది. పళ్ళు దాన్ని పట్టుకున్నాయి. దారంతో పాటు చెయ్యి పోయింది.

"నీకు చెప్పొద్దని నా తోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు," అంది. "నువ్వు దవాఖానల పానం దక్కింది అంటివి. నీ గొంతు పిసుకుదామన్నంత కోపం వచ్చింది నాకు. తప్పుగ అనుకోకు."

తప్పుగా అనుకోలేదు. అనుకోవడానికి ఏముంది.

తమ్ముడు మూత తీశాడు, ఏడో మాట తప్పాడు, నాలుగో మాట తప్పాడు. మొదటి రెండు తప్పులూ వాడివి. నాలుగోది నాది. మిషన్ల గురించి తెలిసినవాళ్ళు చెప్తారు, ఒక్క తప్పుకు చెయ్యి పోదు, రెండు మూడు ఒకేసారి కలిసినప్పుడు పోతుందని. ఆ లెక్క నాకు అర్థమవుతుంది, కానీ దాంతో పోయిన నా నిద్ర తిరిగి రాలేదు.

సాయంత్రం వాడు వచ్చాడు. నేను కాగితం ఊడదీసి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. చూడగానే తెలిసిపోయింది వాడికి.

"సదివినవా?" అన్నాడు.

"సదివిన."

"తప్పు లేకుండ సదివినవా?" అన్నాడు. నేర్పిన పంతులు అడిగినట్టు అడిగాడు.

"నన్ను తిట్టు రా," అన్నాను. "ఇన్నేండ్ల సంది ఊరంత చెప్పుకొని తిరుగుతున్న. మల్ల ఇంకోటి తెచ్చి ఇంకో చేతికి కట్టిన. ఎందుకు కట్టనిచ్చినవ్? నోట్లె నాలుక లేదా?"

"తిడితె వేళ్ళు వస్తయా? నువ్వొక్కదానివే కోసినట్టు ఏడుస్తవేంది? ఆగకముందు చెయ్యి పెట్టింది నేను గాదా? మూత తీసింది నేను గాదా?"

"దారం వద్దనకపోతివి."

"ఎట్లనాలె?" అన్నాడు. గొంతు పెద్దదైంది. "వారం రోజులు అన్నం తినకుండ వస్తివి. మొఖం ఇంతయి ఉండె. నా చేతుల కోసం మొక్కిన అంటివి. నా చేతుల కోసం మొక్కెటోళ్ళు ఇంకెవలున్నరే నాకు? వద్దు అనుడు నాతోని కాలే. నలభై దినాలే గద అనుకున్న."

తువ్వాల మీద మిగిలిన వేళ్ళు రెండూ కదులుతున్నాయి. మరదలు అన్నం పెట్టింది, తిన్నాం. నేను పీర్లకు పోవడం మానలేదు, పోతాను, దండం పెడతాను. పీరు నన్ను దారం కట్టమనలేదు, ముజావర్ ఇచ్చినా మిషన్ దగ్గర కట్టమనలేదు. కట్టింది నేను.

తర్వాత రెండేళ్ళకు షెడ్డు ఉన్న వెనక జాగ పక్కింటివాళ్ళకు అమ్మేశాడు. దస్తావేజుకు సాక్షిగా నన్ను రమ్మన్నాడు. అదే ఆఫీసు, అదే పందిరి. హద్దులన్నీ వాడే చెప్పాడు, పక్క రాతగాడు రాశాడు. సంతకం ఒక్కటి మాత్రం వాడే ఎడమచేత్తో వంకరగా చేశాడు. లోపల గుమాస్తా కాగితాలు తిరగేసి, మర్యాదగానే అన్నాడు. "ఎడమచేత్తోని చేసిన ఈ సంతకం నీ పాత సంతకం తోని కలుస్తలేదే. సంతకం జాగల వేలిముద్ర ఎయ్యి, నడుస్తది."

ఆ ఆఫీసులో వేలిముద్రలు వేసినవాళ్ళందరి పక్కనా వాళ్ళ పేర్లు రాసింది నా తమ్ముడు. ఎన్నేళ్ళో. వాడు ఎడమ బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తాడు. దాని పక్కన వాడి పేరు ఇంకొకరు రాశారు.

నా వంతు వచ్చింది. కలం ఇచ్చారు. నేను పట్టుకోలేదు. "నేను కూడ వేలే ఏస్త," అన్నాను.

"ఏసి సూడు," అన్నాడు తమ్ముడు. మెల్లగా అన్నాడు, నాకే వినబడేలా. "ఏస్తె ఇగ నా గడప తొక్కకు."

కలం పట్టుకొని రాశాను. చాలాసేపు పట్టింది. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. తమ్ముడు వెనక్కి తిరిగి, "మా అక్క. రాస్తది, ఆగుండ్రి," అన్నాడు.

వాడి రాత పోతే నీకు రాత వచ్చిందిలే అని ఒకరిద్దరు నాతో అన్నారు. ఇంకోసారి ఎవరైనా అంటే పళ్ళు రాలగొడతాను. నాది నాలుగు వంకర అక్షరాలు. వాడిది మళ్ళీ రాలేదు.

బయటికి వచ్చాం. ఆఫీసు వెనక నల్లా ఉంది. రెండు వేళ్ళతో వాడు బొటనవేలి సిరా రుద్దుకోలేకపోతున్నాడు. నేను వాడి ఎడమచెయ్యి పట్టుకొని, కొంగు తడిపి రుద్దాను. పోలేదు. మట్టి తీసుకొని రుద్దాను. గోరు సందులో అట్లాగే ఉంది.

"ఇడిసిపెట్టే అక్కా," అన్నాడు. "ఎల్లారెడ్డి బస్సు పోతది."

"పోనీ," అన్నాను.